ఎల్లారం మత్తడి మీద తంగేడు పూలు

చెరువు నిండితే ఎలా ఉంటుందో నలభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నేను చూడలేదు. మాది అనంతపురం జిల్లా. మా ఊరికీ ఒక చెరువుంది, పటంలో దానికి నీలిరంగు కూడా వేసి ఉంటుంది. ఆ నీలిరంగులో మా అన్న క్రికెట్ ఆడాడు, మా మేనమామ వేరుశనక్కాయలు ఆరబోశాడు, నేను సైకిల్ తొక్కడం నేర్చుకున్నాను. పెళ్లయి హైదరాబాదు వచ్చాక ఖాజాగూడ చెరువు చూశాను. అందులో నీళ్లుండేవి, కానీ గట్టున నిలబడాలంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవాలి. నల్లగండ్లలో మాకు ఫ్లాటు అమ్మినవాడు బాల్కనీలోంచి చెరువు కనబడుతుందని చెప్పి ఎక్కువ ధర రాబట్టాడు. కనబడేది గుర్రపుడెక్క. పచ్చగా ఉంది కదా అని సర్దుకున్నాం.

అందుకే ఎవరైనా చెరువు గురించి కళ్లు పెద్దవి చేసుకుని మాట్లాడితే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు అదే పని నేను చేయబోతున్నాను. వెళ్లనివాళ్లు నవ్వుకోవచ్చు. వెళ్లివచ్చినదాన్ని కాబట్టి నేను పట్టించుకోను.

వద్దన్న ఊరు, రమ్మన్న ఊరు

రాష్ట్రాన్ని విడదీస్తామని కేంద్రం చెప్పిన ఏడాది అది. ఇక్కడ మిఠాయిలు పంచుకుంటుంటే అక్కడ మా వైపు సమ్మె. నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు క్యాంటీన్లో సగం బల్లలు మిగతా సగం బల్లలతో మాట్లాడడం మానేశాయి. నేను మాత్రం అందరితోనూ మాట్లాడాను, అంటే అందరితోనూ పోట్లాడాను. విడదీయొద్దనేదాన్ని నేను. "విడిపోతే మీకేం తెలుస్తుంది, నీళ్లు లేక ఎండేది మేము" అని ఫైళ్లు తెచ్చిన పిల్లలకు కూడా క్లాసు పీకేదాన్ని.

దసరాకు అనంతపురం, అక్క దగ్గరికి వెళ్లాలనుకున్నాను. అక్కే ఫోన్ చేసింది. "బస్సులు లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు, నువ్వొస్తే మిక్సీ కూడా తిరగదు. రావద్దులే" అంది. మా ఆయనకు బెంగళూరులో పని. పండగపూట మూడు రోజులు ఆ బాల్కనీ, ఆ గుర్రపుడెక్క, నేను.

ఈ సంగతి టీ తాగుతూ గొణుక్కుంటుంటే రాజమణి వింది. మా అంతస్తులో అద్దాలూ నేలా తుడిచే మనిషి. ముప్పై రెండేళ్లుంటాయి. నాలుగేళ్లుగా చూస్తున్నాను, చేతిలో గుడ్డ లేకుండా ఎప్పుడూ చూడలేదు.

"మా ఊరికి రా మేడం. సిద్దిపేట దిక్కు, ఎల్లారం. చెరువు నిండింది. మత్తడి దుంకుతున్నది."

"నేను విడదీయొద్దనేదాన్ని. మీవాళ్లు నన్ను రానిస్తారా?"

"నువ్వు ఏమన్నా అనుకో మేడం. బతుకమ్మకు వచ్చినోళ్లను ఎవలన్న ఎల్లగొడ్తరా?"

తరవాత అసలు సంగతి చెప్పింది. వాళ్లు చేపలు పట్టేవాళ్లు. ఏడేళ్లు చెరువు నిండలేదు. మొగుడు మల్లేశం గచ్చిబౌలికి వచ్చి ఆటో పట్టుకున్నాడు, ఈవిడ మా ఆఫీసుకు వచ్చి గుడ్డ పట్టుకుంది. మూడో తరగతి చదివే కూతురు ఊళ్లో బావగారింట్లో ఉంటోంది. ఈ శ్రావణంలో చెరువుకు నీళ్లొస్తే నలభై ఇళ్లవాళ్లు కలిసి చేపపిల్లలు తెచ్చి వదిలారు.

"ఈసారి చేప నిలిస్తె ఇగ నేను వాపస్ రాను మేడం. సిద్దిపేట అంగడిల మా అత్త కూసున్న జాగ ఉన్నది. ఆడ కూసుంట. నిలువకపోతే సోమారం నీతోనే బస్సెక్కుత."

గుడ్డ పిండి బకెట్‌లో వేసింది. అంత మాటా గుడ్డ పిండుతూనే చెప్పింది.

బస్సులో పల్లీలు

మల్లేశం తన ఆటోలో ముందురోజే వెళ్లిపోయాడు. రాజమణీ నేనూ శనివారం తెల్లవారగానే బయల్దేరాం. లింగంపల్లిలో మూడు కిలోల బంతిపూలు కొన్నాను, కిలో ఎనభై చెప్పి డెబ్బైకి దిగాడు. గెలిచాననుకున్నాను. రాజమణి నా సంచిలోకి ఒకసారి తొంగి చూసింది.

బస్సులో నా పక్కన ఒక రిటైరైన పంతులుగారు. నా నాలుగు మాటలు విని, "ఏడికెళ్లి వస్తున్నరు తల్లీ?" అన్నారు. అనంతపురమన్నాను. ఆయన కిటికీలోకి చూశారు. తూప్రాన్ దాటేలోపు మొదలైంది. నదులు, ప్రాజెక్టులు, ఉద్యోగాలు, ఎవరి చెమటతో ఎవరి మేడలు లేచాయి, అన్నీ అయ్యాయి. ముందు సీట్లవాళ్లు మెడలు తిప్పుకుని కూర్చున్నారు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి మరీ విన్నాడు. మధ్యలో ఆయన ఉడకబెట్టిన పల్లీలు కొని పొట్లం నా ఒళ్లో పెట్టారు.

"తినుండ్రి. మీ జిల్లావే అయి ఉంటయ్. తిన్నంక కొట్లాడుదం."

తిన్నాక పోట్లాడాం. ఆయన దిగేటప్పుడు చేతులు జోడించి, "వాదంల మీరే గెలిచిండ్రు. రాష్ట్రమైతే ఇయ్యం" అన్నారు. బస్సంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, చెప్పడానికి సిగ్గుపడుతున్నాను.

కట్ట ఎక్కాక

రోడ్డు మీద బస్సు దిగి మల్లేశం ఆటో ఎక్కాం. చేల మధ్య మట్టిదారి. చెరువు కన్నా ముందు దాని చప్పుడు వినబడింది. రైలు వంతెన దాటుతున్నట్టు, కానీ ఆగకుండా. "అదేంటి?" అన్నాను. "మత్తడి" అన్నాడు మల్లేశం, అంతకన్నా చెప్పడానికేం లేదన్నట్టు.

కట్ట ఎక్కాను. ఎక్కి అక్కడే నిలబడిపోయాను. నా ముందు భూమి లేదు. నీళ్లు వెళ్లి ఆకాశం అంచును తాకుతున్నాయి. ఆ నీళ్లలోంచి తాటిచెట్లు నడుములదాకా మునిగి తలలు పైకెత్తి నిలబడ్డాయి. ఒక్కో తాటి మీదా ఒక కొంగ. గాలి వచ్చినప్పుడు చెరువంతా ఒక్కసారి ఒళ్లు జలదరించినట్టు కదిలి మళ్లీ సర్దుకునేది. ఎవరో మనిషి కట్ట కింద గేదెను కడుగుతున్నాడు, రోజూ ఉండేదే కదా అన్నట్టు. నేను వెళ్లి కట్ట మైసమ్మ గుడి అరుగు మీద కూర్చున్నాను. ఈ కట్టను ఎవరు పోశారని అడిగితే ఎవరికీ తెలియదు. "తాతలు" అన్నారు. ఏ తాతలంటే "తాతల తాతలు" అన్నారు. పారలతో తవ్వి తట్టలతో మట్టి మోసి ఇంత నీటిని ఆపినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. మా ఆఫీసు మెట్ల దగ్గర ఫౌంటెన్ ప్రారంభించినవాళ్ల పేర్లే పదకొండున్నాయి.

కట్ట చివర మత్తడి. నిండిన చెరువులో మిగిలిన నీళ్లు పొర్లిపోవడానికి కట్టిన రాతిగోడ. మేం దాన్ని మరవ అంటాం. మా నాన్న చిన్నప్పుడు మరవ పారితే బడికి సెలవిచ్చారట. నేను ఆ మాట వినడమే. ఇక్కడ జానెడు మందాన నీళ్లు, గోడ పొడుగునా, గాజుపలకలా వంగి కిందికి దూకుతున్నాయి. కింద పడ్డాక తెల్లగా లేచి వాగులోకి పరిగెత్తుతున్నాయి.

గోడకు గజం ఇవతల, చెరువువైపు, గుంజలు పాతి వల కట్టి ఉంది. పొర్లే నీళ్లతో చేపలు పోకుండా. ఆ గుంజల్ని పట్టి పట్టి చూస్తూ మొలలోతు నీళ్లలో ఒకాయన, యాభై ఏళ్లవాడు. రాజమణి బావ సాయిలు. నలభై ఇళ్ల చేపల సంఘానికి ఆయనే పెద్ద. వారంగా ఇంటికి వెళ్లలేదట. మత్తడి పక్కనే మంచం.

"బావా, మా మేడం."

"మంచిది" అన్నాడాయన, గుంజ మీద నుంచి చెయ్యి తీయకుండా.

నా భౌతికశాస్త్రం

మధ్యాహ్నం పన్నెండింటికి మైసమ్మ గుడి దగ్గర పంచాయితీ నడుస్తోంది. సాయంత్రం సద్దుల బతుకమ్మ. తొమ్మిది రోజుల పూలపండగలో ఆఖరుది, పెద్దది. ఆడిపాడాక ఇంటింటి బతుకమ్మనూ నీళ్లలో సాగనంపాలి. ఈ ఒక్క ఏడు పెద్దచెరువులో వద్దు, బడి వెనక కుంటలో వేయండని సాయిలు అడుగుతున్నాడు.

"గాలి మత్తడి దిక్కే కొడ్తున్నది. పూలన్నీ వచ్చి వలకు పడ్తయ్. వల ఆగది."

ఎదురుగా డెబ్బై ఏళ్ల పోశవ్వ. ఊళ్లో బతుకమ్మ పాట ఎత్తేది ఆవిడే. వెనక నలభై యాభై మంది ఆడవాళ్లు.

"ఏడేండ్లు బురదల పెట్టినం గౌరమ్మను. ఇయ్యాల చెరువు నిండింది, తెలంగాణ అస్తున్నదంటున్నరు, గిప్పుడు కుంటల ఎయ్యిమంటవా? నీ చేపలకు గౌరమ్మ అడ్డమొచ్చిందా సాయిలూ?"

"అడ్డమని కాదు పెద్దమ్మా. ఒక్క ఏడు."

ఎటూ తెగడం లేదు. నాకు ఎటూ తెగని చోట ఊరుకోవడం చేతకాదు.

"ఏమండీ, పువ్వు ఎంత బరువుంటుంది?" అన్నాను. అందరూ తిరిగారు. "పువ్వు తేలేది. మునిగేది కాదు. వల ఉన్నది నీళ్లలో. పైన తేలే పువ్వు వలనేం చేస్తుంది? నాలుగు పూలు తగులుకుంటే కర్రతో నెడితే పోతాయి. దీనికింత పంచాయితీనా?"

"నీళ్ల సంగతి మీకు ఎరుకనా మేడం?" అన్నాడు సాయిలు, మర్యాదగానే.

"బీఎస్సీ ఫిజిక్స్ చదివాను" అన్నాను.

చెరువు నిండని ఊరిదాన్ని, అప్పటికి నిండిన చెరువు చూసి రెండు గంటలు. అయినా అన్నాను. ఆడవాళ్లలో చప్పట్లు మోగాయి. పోశవ్వ నా భుజం మీద చరిచి, "శెబాష్, ఆంధ్ర బిడ్డా!" అంది.

"ఆంధ్ర కాదవ్వా, రాయలసీమ."

"గదేందో గదే."

సాయిలు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సదువుకున్నోళ్లు చెప్తున్నరు. ఇగ నేనేమంట" అని మత్తడి వైపు వెళ్లిపోయాడు.

రాజమణి అంతసేపూ నా పక్కనే ఉంది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ చెరువులో ఉన్నది ఆమె చేపలు. నలుగురిలో మేడం మాట కాదనలేక ఊరుకుందని నాకు మర్నాటికి గానీ తట్టలేదు.

చెరువు పసుపుపచ్చనయిన సాయంత్రం

పువ్వులు ఎవరైనా కొంటారా అని నా బంతిపూల సంచి చుట్టూ చేరి ఆడవాళ్లు గంటసేపు నవ్వారు. "డెబ్బై రూపాలా కిలో? మా దొడ్లకు రా, కైకిలి కూడ ఇస్తం!" కైకిలంటే కూలి డబ్బులు. తంగేడు, గునుగు, కట్ల, బీర, గుమ్మడి, అన్నీ గుట్టమీదా గట్లమీదా కోసుకొచ్చినవే. ఆముదపు ఆకులు పరిచి, వాటి మీద వరసమీద వరస, గోపురంలా పేర్చారు. నాకూ ఒకటి పేర్చమన్నారు. నాది పక్కకు ఒరిగింది. రాజమణి కూతురు నవ్య దాన్ని విప్పేసి మళ్లీ మొదటినుంచి పేర్చింది, పెద్దవాళ్లకు ఇదే రోగం అన్న మొహంతో.

మా వైపు దసరా అంటే ఓళిగలు, బొమ్మలకొలువు, గుళ్లో అమ్మవారికి రోజొక అలంకారం. దేవుణ్ణి చూసి రావడం. ఇక్కడ పువ్వే దేవత. పూజారి లేడు. కట్ట మీద నడుమన బతుకమ్మలు పెట్టి చుట్టూ మూడు వందల మంది తిరుగుతూ చప్పట్లు. ఒక్క వంగడం, ఒక్క చప్పట, ఒక్క అడుగు. గుండె కూడా అదే లెక్కకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. పోశవ్వ నన్ను చూసి అప్పటికప్పుడు కట్టింది:

"సీమ నుంచి వచ్చింది ఉయ్యాలో
నోరు మూట గట్టుకుని ఉయ్యాలో
చీర ఒక్కటే తెచ్చి ఉయ్యాలో
మాటలెన్నో తెచ్చె ఉయ్యాలో!"

మూడు వందల గొంతులు దాన్ని తిప్పి అన్నాయి. నన్ను ఇంత అందంగా ఎవరూ తిట్టలేదు.

పొద్దుగూకే వేళ వరసగా మెట్లు దిగి నీళ్లలో వదిలారు. గాలి వాటిని మెల్లగా లోపలికి తీసుకుపోయింది. ఎర్రటి ఆకాశం, కింద నల్లబడుతున్న నీళ్లు, వాటి మీద వందల గోపురాలు పసుపుపచ్చగా, తెల్లగా, ఒకదానివెనక ఒకటి, తొందర లేకుండా. తరవాత గట్టుమీద కూర్చుని నువ్వుల సద్ది, పెరుగు సద్ది, చింతపండు పులిహోర, సజ్జరొట్టె బెల్లంతో నలిపిన మలీద, చేతి నుంచి చేతికి మారాయి. ఎవరి గిన్నె ఎవరిదో తెలియలేదు. నా చేతిలోది తిని చెరువులో చేతులు కడుక్కుని ఒక దోసెడు తాగితే ఆ నీళ్లు తియ్యగా అనిపించాయంటే నమ్మండి, నమ్మకపోండి.

చప్పుడు తగ్గిన పొద్దు

ఆదివారం, దసరా. మెలకువ రాగానే ఏదో తేడాగా ఉంది. మత్తడి చప్పుడు సగానికి పడిపోయింది. పక్కన రాజమణి లేదు.

కట్ట మీదికి పరిగెత్తాను. రాత్రంతా గాలి పని చేసింది. ఊళ్లో వేసిన ప్రతి పువ్వూ, ప్రతి ఆకూ వచ్చి వలకు అతుక్కుంది. తడిసి, ఒకదానిమీద ఒకటి పేరుకుని, గోడ మొత్తానికి పసుపు రంగు పరుపు వేసినట్టుంది. నీళ్లు దారి దొరక్క వెనక పొంగి వలను నెడుతున్నాయి. నాలుగు గుంజలు మత్తడి మీదికి ఒరిగాయి. వాటి అడుగున వల లేచినచోట, వెండి తునకల్లా, చేపలు జారిపోతున్నాయి. కళ్లముందే.

సాయిలు, మల్లేశం, మరో పదిమంది గుంజలకు వీపులు ఆనించి నిలబడ్డారు. ఉన్న చేతులన్నీ గుంజలు నెట్టడానికే సరిపోయాయి, పూలు తీసే చేతులు లేవు. ఉన్నా తీయరు. సాగనంపిన బతుకమ్మను వెనక్కి లాగకూడదు. మగవాళ్లు అసలే ముట్టుకోరు. "వల కోసేద్దం. లేకుంటే గుంజలతో సహా పోతది" అని ఒకతను అరుస్తున్నాడు. కోస్తే చెరువు చెరువంతా ఖాళీ.

రాజమణి గట్టున నిలబడి ఉంది. సాయిలు ఆమెతోనే అన్నాడు, నాతో కాదు.

"మీ మేడంకు సూపియ్యి రాజమణీ. పిజిక్సు."

నాకు జవాబు రాలేదు. నన్ను ఎరిగినవాళ్లకు ఈ ఒక్క వాక్యం చాలు.

"రాజమణీ, నిన్న నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీకు చెప్తమా మేడం?" అంది. అంతే అంది.

నేను పోశవ్వ ఇంటికి వెళ్లాను. ఆవిడ కొత్త చీర కట్టుకుని మాంసం కడుగుతోంది. అక్కడ దసరా అంటే యాట కోయాల్సిందే, అప్పులున్నా సరే.

"అవ్వా, తప్పు నాది. నా మాట వినే పూలు అక్కడ వేశారు. వల తెగేట్టుంది."

ఆవిడ చేతులు ఆపలేదు. "నీ మాటకు ఏసినమా? ఎయ్యాలని మాకే ఉండె. నువ్వు అన్నవ్, మాకు సులువైంది." తరవాత చేతులు కడుక్కుని లేచింది. "ఎంత పోయినయ్?"

"తెలీదు. పోతూనే ఉన్నాయి."

ఇల్లిల్లూ పిలుస్తూ నడిచింది. కట్ట మీదికి చేరేసరికి అరవైమంది. కొత్త చీరల్లోనే. కానీ నీళ్ల దగ్గరికొచ్చి ఆగిపోయారు.

"సాగనంపినంక మల్ల పట్టుకస్తమా పెద్దమ్మా? ఇంటికి కీడు" అంది ఒకామె.

పోశవ్వ ఆ పసుపు గుట్ట వైపు చెయ్యి చాపింది.

"ఎవలు పట్టుకరమ్మన్నరే? పంపిన పిల్ల తొవ్వల ఆగిపోయింది. అవుతలికి దాటియ్యవా? ఒక్క పువ్వు కూడ గట్టుకు రావద్దు. అన్నీ మత్తడి దుంకాలె. పట్టుండ్రి."

కుచ్చిళ్లు పైకి దోపుకుని మొదట తనే మత్తడి గోడ మీదికి దిగింది. గోడ బండి పట్టేంత వెడల్పు, పిక్కల్లోతు నీళ్లు. ఆ కొస నుంచి ఈ కొసకు మోకు కట్టారు. దాన్ని నడుముకు ఆనించుకుని ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. తట్టలు, జల్లెడలు, గంపలు, చివరికి అన్నం వార్చే సిబ్బెలు. వల మీదుగా వంగి చెరువువైపు పూలు తోడి, తిరిగి, వెనక్కి వాగులోకి. వంగడం, తోడడం, తిరగడం. నిన్నటి ఆటే. పోశవ్వ పాటెత్తింది, వరసంతా అందుకుంది. కాకపోతే చప్పట్ల చోట నీళ్ల చప్పుడు.

నేనూ దిగాను. రాజమణికి పక్కన. ఆ నీటి తోపు ఎలా ఉంటుందంటే, ఎవరో పెద్దమనిషి చాలా మర్యాదగా, అస్సలు ఆగకుండా పక్కకు జరగమంటున్నట్టు. పది నిమిషాలకే పాచి మీద జారి కూలబడ్డాను. ఒక చెప్పు వాగుపాలైంది. రాజమణి రెక్క పట్టుకుని లేపింది. ఒక్క తట్ట తడిసిన పూలు ఎంత బరువుంటాయో అప్పుడు తెలిసింది. నాలుగు తట్టలకే నా నడుం పోయింది. ఆమె ఎన్ని తోడిందో తెలియదు. మా అంతస్తు అద్దాలు తుడిచినట్టే, ఒకే తీరున, తల ఎత్తకుండా.

ఎండ నడినెత్తికి వస్తుండగా చప్పుడు మారింది. మొదట గోడకు ఆ కొసన, తరవాత నడుమ, తరవాత నా కాళ్ల కింద. మత్తడి మళ్లీ పూర్తిగా దూకింది. మగవాళ్లు గుంజలు నిలబెట్టి సంచుల్లో ఇసక వేసి కాళ్లు బిగించారు. తల తిప్పి చూస్తే వాగు కనబడినంత దూరం, చేల మధ్య, పసుపుపచ్చటి తాడులా పూలు పోతున్నాయి. అరవైమందీ తట్టలు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాం. నీళ్లలో నిలబడి ఏడవడంలో ఒక సౌకర్యం ఉంది, ఎవరికీ తెలియదు.

కింది ఊరివాళ్లు

సాయంత్రం జమ్మి. అది మా వైపూ ఉంది. ఆకు చేతిలో పెట్టి బంగారమంటాం. కానీ మేం పెట్టి దండం పెడతాం. వీళ్లు పెట్టి కౌగిలించుకుంటారు, నిన్న కొట్టుకున్నవాళ్లతో సహా. నేను జమ్మాకు తీసుకెళ్లి సాయిలు చేతిలో పెట్టాను.

"నా మాట వినకుండా ఉండాల్సింది మీరు" అన్నాను. క్షమాపణ అడగడం నాకింతకన్నా బాగా రాదు.

"మీరు జోర్దార్‌గ చెప్తిరి" అన్నాడు. "రేపు మాపు మీరు చెప్పినా ఇనను. ఫికర్ చెయ్యకుండ్రి."

అప్పుడే వాగు వెంట పదిమంది మగవాళ్లు వచ్చారు. కింది ఊరివాళ్లు. ఎల్లారం మత్తడి దూకిన నీళ్లే వాళ్ల చెరువుకు వెళ్తాయి. వాళ్ల చేతుల్లో జమ్మి. ముందున్న ముసలాయన సాయిలును వాటేసుకుని, "పొద్దుగాల చూస్తిమి, వాగు నిండ పూలు! మా ఆడోళ్లు దండం పెట్టిండ్రు. పూల ఎనక చేపలు కూడ వచ్చినయ్" అన్నాడు.

"ఎన్ని?"

"అడిగితె చెప్తమా?"

ఒకటే నవ్వులు. కల్లు లొట్టి వచ్చింది. నాకూ దొప్పలో పోశారు. పుల్లగా, చల్లగా, బాగుంది. మా అక్కకు చెప్పకండి. ఆ చేపలు తిరిగి అడగరా అని నేను సాయిలును పక్కకు పిలిచి అడిగాను. అడిగే హక్కు ఉందని ఆయన తరఫున వాదించడానికి కూడా సిద్ధపడ్డాను.

ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. "మత్తడి దుంకినంక అది వాళ్లది మేడం" అన్నాడు.

బస్సులో నదుల గురించి నేను గంటన్నర మాట్లాడాను. ఈయనకు ఒక్క ముక్క సరిపోయింది.

సోమవారం

రాజమణి రాత్రే సంచి సర్దుకుంది. ఎన్ని చేపలు పోయాయో ఎవరికీ తెలియదు. చెరువును అడగడానికి లేదు. పొద్దున్నే మల్లేశం ఆటో కట్ట మీద పెట్టాడు. ఇద్దరినీ రోడ్డు మీద దింపి, తను వెనకాలే ఆటోలో హైదరాబాదు వస్తానన్నాడు. నవ్య ఆటో దగ్గరికి రాలేదు. మైసమ్మ గుడి అరుగు మీద కూర్చుని తంగేడు కొమ్మ ఆకులు ఒక్కొక్కటే తుంచుతోంది.

"జర ఆగుండ్రి" అన్నాడు సాయిలు. విసురువల భుజాన వేసుకుని తూము దగ్గరికి నడిచాడు. అక్కడ లోతు. పెరిగే చేప అక్కడే ఉంటుందట.

వల విసిరాడు. గాలిలో గుండ్రంగా విచ్చుకుని చప్పుడు లేకుండా నీళ్ల మీద వాలింది. లాగాడు. పాచి, రెండు గునుగు పూలు.

రాజమణి ఆటోలో నా పక్కన కూర్చునే ఉంది, సంచి ఒళ్లో పెట్టుకుని.

రెండోసారి విసిరాడు. బొటనవేలంత చిల్లరచేపలు నాలుగు. వదిలేశాడు.

ఇంకా పక్కకు జరిగి, నడుములోతు దిగి, ఈసారి చాలాసేపు నీళ్లనే చూస్తూ నిలబడ్డాడు. విసిరాడు. తాడు బిగిసింది. ఆయన ఒక్కడూ లాగలేకపోయాడు. మల్లేశం చెప్పులతోనే దిగాడు. వల గట్టుకు వచ్చేసరికి దాని నిండా అరచేతి పొడుగు చేపలు, ఎండలో ఎగిరెగిరి పడుతున్నాయి. రవ్వ, బొచ్చె. శ్రావణంలో వదిలిన పిల్లలే. సాయిలు ఒకదాన్ని పట్టుకుని మొప్పలు చూసి, పొట్ట నొక్కి చూసి, మళ్లీ నీళ్లలో వేశాడు. మిగతావీ వేశాడు. చేతులు తుడుచుకుంటూ కట్ట మీదికి వచ్చాడు.

"రాజమణీ, సంచి దించు."

ఆమె ముందు చెరువు వైపు చూసింది. తరవాత దిగింది. సంచి నేల మీద పెట్టింది. నవ్య కొమ్మ పారేసి పరిగెత్తుకొచ్చి ఆ సంచి మీద కూర్చుంది, మళ్లీ ఎవరైనా ఎత్తుతారేమోనన్నట్టు.

"మేడం," అంది రాజమణి ఆటోలోకి వంగి, "మన అద్దాలను గుడ్డతోటి తుడవనియ్యకు. మరకలు పడ్తయ్. పాత పేపర్ తడిపి తుడవమను. కొత్తగ వచ్చేటామెకు ఇది ఎవ్వలు చెప్పరు."

"చెప్తాలే" అన్నాను.

మల్లేశం తడిబట్టలతోనే ముందు కూర్చుని ఆటో తిప్పాడు. ఒక్కదాన్నే వెనకసీటు మొత్తానికీ. మట్టిదారి మలుపు దాకా మత్తడి చప్పుడు వినబడింది. రోడ్డు మీద దిగాక నేను సంచి సర్దుకుంటుంటే అతను తల గోక్కుంటూ అన్నాడు:

"మేడం, ఇగ నేను ఊరి ఆటోనే గద. బోణీ మీదే. యాభై ఇయ్యుండ్రి."

నాలుగు కిలోమీటర్లకు యాభై రూపాయలు. హైదరాబాదులో అయితే పోలీసును పిలిచేదాన్ని. నోట్లోంచి ఒక్క మాట రానివ్వకుండా తీసి ఇచ్చాను.